పాత కంప్యూటరుకు లినక్స్ తెర

విరాళంగా వచ్చే కంప్యూటర్లు చాలావరకు ఇళ్లలో, దుకాణాల్లో వాడి పక్కన పెట్టినవే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 పాత యంత్రాలు చాలావాటిని ఒప్పుకోదు. అలాగని వాటిని పాత సామాను కింద అమ్మేయనక్కర్లేదు. లినక్స్ వేస్తే ఇంకొన్నేళ్లు పిల్లలకు ఉపయోగపడతాయి. దానికి డబ్బు కట్టనక్కర్లేదు, దొంగ కాపీ అన్న బెంగా లేదు.

లినక్స్‌ను 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయాలేమో అని చాలామంది జంకుతారు. 1996లో కేడీఈ, 1997లో గ్నోమ్ అనే ప్రాజెక్టులు మొదలయ్యాక మౌస్‌తో నడిపే తెరలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి.

కొత్తవారికి లినక్స్ మింట్ అనువైనది. అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం పాత యంత్రాలకు నప్పుతుంది. ర్యామ్ 2 జీబీ ఉన్నా నడుస్తుంది, 4 జీబీ ఉంటే మంచిది. పెన్‌డ్రైవ్ నుంచే తెర తెరిచి, నచ్చాకే కంప్యూటరులో ఎక్కించుకోవచ్చు.

తెర కింద ఎడమ మూల మెనూ, కుడివైపు గడియారం, ఇంటర్నెట్ గుర్తు ఉంటాయి. ఉత్తరాలకు, మార్కుల పట్టికలకు లిబ్రెఆఫీస్, ఇంటర్నెట్‌కు ఫైర్‌ఫాక్స్ ముందే ఉంటాయి. కొత్త ప్రోగ్రాములకు వెబ్‌సైట్లు వెతకనక్కర్లేదు. ఫోన్‌లో ప్లే స్టోర్ లాగే ఇక్కడ సాఫ్ట్‌వేర్ మేనేజర్ ఉంది.

పిల్లలు తడబడేది రెండు చోట్ల. ఒకటి, సీ డ్రైవ్, డీ డ్రైవ్ కనిపించవు. వాళ్ల ఫైళ్లన్నీ హోమ్ అనే ఫోల్డరులో ఉంటాయి. రెండు, ఇంగ్లిషులో ఫైలు పేరు పెద్దక్షరాలతో ఒకసారి, చిన్నక్షరాలతో ఇంకోసారి రాస్తే అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఈ రెండూ చెబితే మిగతాది వాళ్లే పట్టేస్తారు.

మన వెలుగోడులో ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు చదివే పిల్లలున్నారు. కీబోర్డు సెట్టింగుల్లో ఈ రెండు భాషలనూ చేర్చుకుని, ఒకే తెర మీద మార్చి మార్చి టైపు చేయవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు తెరతోనే ఒక లినక్స్‌ను తయారుచేసింది.

అన్నీ దీనితో జరగవు. ట్యాలీ విండోస్ కోసం చేసిన ప్రోగ్రాము. అకౌంట్స్ నేర్చుకునే పిల్లలకు ఒక విండోస్ యంత్రం ఉండాల్సిందే. కొన్ని ప్రింటర్లూ మొరాయిస్తాయి.

దాతలకు రెండు మనవులు. యంత్రం ఇచ్చేముందు మీ ఫోటోలు, లెక్కలు వేరేచోట కాపీ చేసుకోండి. డిస్కు మొత్తం చెరిపి లినక్స్ ఎక్కిస్తే అవి తిరిగి రావు. వీలైతే కంప్యూటరు తెలిసిన మీ ఇంటి అబ్బాయినో అమ్మాయినో రెండు గంటలు పంపండి. పక్కన కూర్చుని ఆ తెరను పరిచయం చేసేవారు లేకపోతే, మీరిచ్చిన యంత్రం మూలన పడి ఉంటుంది.