డిగ్రీలో చేరకుండానే కాలేజీ చదువు: ఒక్క సబ్జెక్టుతో మొదలు పెడదాం!

మన ఊళ్ళలో కాలేజీ చదువు అంటే ముడివేసిన మూట. ఎం.పి.సి. తీసుకుంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ చదవాల్సిందే. బి.కాం.లో చేరితే మూడేళ్ళూ కూర్చోవాల్సిందే. "నాకు స్టాటిస్టిక్స్ ఒక్కటే నేర్పండి" అని యూనివర్సిటీ గుమ్మం తొక్కే అలవాటు మనలో చాలామందికి లేదు. 2017లో భారత ప్రభుత్వం 'స్వయం' పేరుతో విడి కోర్సులను ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది కానీ, అప్పటికే మనలో చాలామందిమి విమానం ఎక్కేశాం!

ఆ పాత అలవాటు కమ్మింగ్ దాకా మనతోనే వచ్చింది. అందుకే మన ఇళ్ళలో "ఈ వయసులో మళ్ళీ డిగ్రీయా?" అన్న ఒక్క మాటతో చదువు ఆలోచన ఆగిపోతుంది. అలా ఆగిన ఆలోచన మీద ఐదేళ్ళు, పదేళ్ళు గడిచిపోతాయి. అయితే అమెరికాలో డిగ్రీలో చేరకుండా ఒక్క సబ్జెక్టు మాత్రమే చదువుకోవడం మామూలు విషయం. ఆ దారులు ఎవరెవరికి ఎలా ఉపయోగపడతాయో ఈ వ్యాసంలో చెప్పాలని మా ప్రయత్నం.

క్రెడిట్ అంటే ఏమిటి?

ఇక్కడ చదువును కొలిచే కొలత 'క్రెడిట్ అవర్'. మామూలుగా ఒక కోర్సుకు 3 క్రెడిట్లు. అంటే సుమారు 15 వారాల సెమిస్టర్‌లో వారానికి 3 గంటల క్లాసు. క్లాసులో గడిపే ప్రతి గంటకూ ఇంటి దగ్గర మరో రెండు గంటలు చదవాలని లెక్క. మొత్తం మీద వారానికి 9 గంటలు! కోర్సు పూర్తయ్యాక గ్రేడు, క్రెడిట్లు మీ పేరు మీద ట్రాన్‌స్క్రిప్ట్‌లో నమోదవుతాయి. నాలుగేళ్ళ డిగ్రీ అంటే ఇలాంటి క్రెడిట్లు సుమారు 120 కూడబెట్టడమే. చినుకు చినుకు కలిస్తేనే కదా చెరువు నిండేది!

గ్రేడు అక్కరలేదు, వింటే చాలు అనుకునేవారికి 'ఆడిట్' పద్ధతి ఉంది. ఫీజు కట్టి క్లాసులో కూర్చోవచ్చు, పరీక్షల బెడద ఉండదు. కానీ క్రెడిట్ రాదు, తరువాత దాన్ని క్రెడిట్‌గా మార్చుకోవడం కూడా సాధారణంగా కుదరదు. కాబట్టి ముందే ఆలోచించుకోవాలి.

మన ఊళ్ళోనే కాలేజీ

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. యూనివర్సిటీ ఆఫ్ నార్త్ జార్జియా వారి కమ్మింగ్ క్యాంపస్ 2012లో తెరుచుకుంది. 2013 జనవరిలో డహ్లోనెగాలోని నార్త్ జార్జియా కాలేజ్ అండ్ స్టేట్ యూనివర్సిటీ, గెయిన్స్‌విల్ స్టేట్ కాలేజ్ కలిసిపోయి ఆ యూనివర్సిటీ ఏర్పడింది. మేజర్స్ రోడ్ మీద లేనియర్ టెక్నికల్ కాలేజీ ఫోర్‌సైత్ క్యాంపస్ ఉంది. మొదటిది రాష్ట్ర యూనివర్సిటీ వ్యవస్థలోనిది, రెండవది టెక్నికల్ కాలేజీల వ్యవస్థలోనిది. ఈ తేడా గుర్తు పెట్టుకోవాలి. టెక్నికల్ కాలేజీలో చదివిన ప్రతి కోర్సునూ యూనివర్సిటీలు అంగీకరించవు.

హైస్కూలు పిల్లలకు

జార్జియాలో 'డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్' ద్వారా హైస్కూలులో ఉండగానే కాలేజీ కోర్సు చదవవచ్చు. ఆ ఒక్క కోర్సుకు హైస్కూలు క్రెడిట్, కాలేజీ క్రెడిట్ రెండూ వస్తాయి. 2020లో చేసిన చట్టం ప్రకారం ఇది ప్రధానంగా 11, 12 తరగతుల వారికి. రాష్ట్రం సాధారణంగా 30 సెమిస్టర్ గంటల వరకు ఖర్చు భరిస్తుంది. ట్యూషన్ కట్టనక్కరలేదు, పుస్తకాలు కూడా కాలేజీయే ఇస్తుంది. ల్యాబ్ సామగ్రి, రాకపోకల వంటి ఖర్చులు మాత్రం మనవే.

ఎ.పి. మంచిదా, ఇది మంచిదా అని తల్లిదండ్రులు మమ్మల్ని తరచు అడుగుతుంటారు. ఎ.పి.లో కాలేజీ క్రెడిట్ మే నెలలో రాసే ఒక్క పరీక్ష మీద ఆధారపడుతుంది. 1 నుంచి 5 వరకు మార్కు వేస్తారు. ఆ మార్కు బాగా రాకపోతే చాలా కాలేజీలకు పంపకుండా ఉండవచ్చు. డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో సెమిస్టర్ అంతా చేసిన పనికి గ్రేడు వస్తుంది. కానీ ఆ గ్రేడు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది. పదహారేళ్ళ వయసులో తెచ్చుకున్న 'డి' గ్రేడు మెడికల్ స్కూలుకు దరఖాస్తు పెట్టే రోజున కూడా కనిపిస్తుంది! ఇంకో మాట. జార్జియా ప్రభుత్వ యూనివర్సిటీల మధ్య మౌలిక కోర్సులు సులువుగా బదిలీ అవుతాయి. బయటి రాష్ట్రాల, ప్రైవేటు యూనివర్సిటీలు ఎవరి నియమం వారిది.

కాబట్టి పక్కింటి అబ్బాయి నాలుగు కోర్సులు తీసుకున్నాడని మన అమ్మాయిని కూడా తోయకండి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టవుతుంది. మొదట ఒక్కటి, అదీ పిల్లలకు ఇష్టమైన సబ్జెక్టు. అది సాఫీగా సాగితే రెండవది.

దూరాన కాలేజీలో చదువుతూ వేసవికి ఇంటికి వచ్చే పిల్లలకు కూడా దారి ఉంది. 'ట్రాన్సియెంట్' విద్యార్థిగా ఇక్కడి క్యాంపస్‌లో ఒక కోర్సు చదివి, దాన్ని తమ కాలేజీకి పట్టుకెళ్ళవచ్చు. తమ కాలేజీ నుంచి అనుమతి పత్రం ముందే తెచ్చుకోవాలి.

అమ్మానాన్నలకు

ఇండియాలో బి.ఎస్సీ. చేసిన ఒక అమ్మ నర్సింగ్ వైపు వెళ్ళాలనుకున్నారనుకుందాం. మొదటి రోజే నర్సింగ్ డిగ్రీలో చేరనక్కరలేదు. నర్సింగ్ విభాగాలు ముందుగా అడిగేవి అనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ వంటి కొన్ని కోర్సులు. డిగ్రీ ఇప్పటికే ఉన్నవారు 'నాన్-డిగ్రీ' లేదా 'పోస్ట్-బకలారియెట్' విద్యార్థిగా చేరి వీటిని ఒక్కొక్కటిగా పూర్తి చేయవచ్చు. కొన్ని నర్సింగ్ విభాగాలు ఐదేళ్ళో ఏడేళ్ళో దాటిన సైన్స్ కోర్సులను లెక్కలోకి తీసుకోవు. అందువల్ల ఎక్కడ చేరాలనుకుంటున్నారో అక్కడి నియమాలు చూసుకుని మొదలు పెట్టాలి. బి.కాం. చదివినవారు సి.పి.ఎ. వైపు వెళ్ళాలన్నా ఇదే దారి. పాత డిగ్రీని కోర్సుల వారీగా మదింపు చేయించి, తక్కువ పడిన అకౌంటింగ్ కోర్సులే చదవవచ్చు.

"వీసా ఒప్పుకుంటుందా?" అన్నది మన ఇళ్ళలో మొదటి ప్రశ్న. హెచ్-4 మీద ఉన్నవారు చదువుకోవచ్చు, ఒక్క కోర్సయినా, పూర్తి డిగ్రీ అయినా. ఉద్యోగానికి అనుమతి వేరు, చదువుకు అనుమతి వేరు. ఆ రెండింటినీ కలిపి ఆలోచించి ఏళ్ళు పోగొట్టుకోవద్దు. ఎఫ్-1 వారు మాత్రం పూర్తి కాలం చదవాల్సిందే కాబట్టి ఒక్క కోర్సుతో సరిపెట్టుకోవడం కుదరదు. హెచ్-4 పిల్లలు 21 ఏళ్ళు నిండాక ఆ హోదాలో ఉండలేరు. ఆ ఏర్పాటు ముందే చూసుకోవాలి.

తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు

ఇది చాలామందికి తెలియని సంగతి. జార్జియా రాష్ట్ర యూనివర్సిటీలలో 62 ఏళ్ళు నిండిన రాష్ట్ర నివాసులు ట్యూషన్ కట్టకుండా చదువుకోవచ్చు! క్లాసులో సీటు మిగిలి ఉండాలి, ప్రవేశ నియమాలు పాటించాలి, ల్యాబ్, సామగ్రి ఖర్చులు పెట్టుకోవాలి. వైద్యం, దంత వైద్యం, పశు వైద్యం, న్యాయ విద్యలకు ఇది వర్తించదు. ఇక్కడే స్థిరపడిన పెద్దలు పగలంతా ఇంట్లో ఒక్కరే ఉండే బదులు వారానికి రెండు రోజులు చరిత్ర క్లాసుకో, బొమ్మల క్లాసుకో వెళ్ళి రావచ్చు.

బి-2 వీసా మీద చుట్టపుచూపుగా వచ్చిన పెద్దలకు ఈ సదుపాయం లేదు. క్రెడిట్ కోర్సుల్లో చేరితే వీసాకు ఇబ్బంది. వారికి సరదాగా నేర్చుకునే చిన్న క్లాసులు చాలు.

దరఖాస్తుకు ముందు

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడ్మిషన్స్ ఆఫీసుకు వెళ్ళి ఈ నాలుగూ తప్పక అడగండి.

1. ఫీజులో మమ్మల్ని రాష్ట్ర నివాసిగా లెక్కిస్తారా? సాధారణంగా 12 నెలల స్థిర నివాసం చూపాలి. వీసా మీద ఉన్నవారు తమ సంగతి విడిగా అడగాలి. రెండు ఫీజులకూ చాలా తేడా ఉంటుంది.

2. ఈ కోర్సుకు ముందు చదవవలసినది ఏదైనా ఉందా?

3. తరువాత డిగ్రీలో చేరితే ఈ క్రెడిట్లలో ఎన్నిటిని కలుపుకుంటారు? నాన్-డిగ్రీ క్రెడిట్లకు చాలాచోట్ల పరిమితి ఉంటుంది.

4. మానేయాలంటే ఏ తేదీలోగా మానేయాలి?

డిగ్రీలో లేనివారికి ఫెడరల్ ఆర్థిక సహాయం సాధారణంగా రాదని కూడా గుర్తుంచుకోండి. డబ్బు కట్టే ముందు రుచి చూడాలంటే ఎం.ఐ.టి. ఓపెన్ కోర్స్‌వేర్, మన ఐ.ఐ.టి.ల ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలు ఉచితంగా ఉన్నాయి. రెండు వారాలు వాటిని వింటే ఆ సబ్జెక్టు మనకు పడుతుందో లేదో తెలిసిపోతుంది.

పిల్లలూ! వారాంతంలో ఆట మానుకుని మీరు మన బడికి వస్తున్నది ఏ డిగ్రీ కోసమూ కాదు. ఒక్క సబ్జెక్టు, మన తెలుగు, నేర్చుకోవాలనే. ఒక్కదాన్ని శ్రద్ధగా చదవడం ఎలాగో మీకు బాగా తెలుసు. ఈ వ్యాసం అమ్మకు చదివి వినిపించి, "నీకు ఏ సబ్జెక్టు ఇష్టం?" అని ఒక్కసారి అడిగి చూడండి. ఆ ప్రశ్న అమ్మను ఎవరూ అడిగి ఎన్నాళ్ళయిందో!