రియల్టర్ ఈమెయిళ్లు: చట్టం ఏమంటుంది?

ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన సంగతి ఇక్కడ రాస్తున్నా. నేను డాలస్‌లో బ్రోకర్‌ని. మన తెలుగు ఏజెంట్లు ఎక్కువగా అడిగేది ఒకటే: “తెలిసినవాళ్లకే కదా అండీ పంపేది, రూల్స్ ఎందుకు?”

అమెరికాలో 2004 నుంచి క్యాన్-స్పామ్ చట్టం అమల్లో ఉంది. తెలిసినవాళ్లకు పంపినా, ఒక్కరికే పంపినా అది వర్తిస్తుంది. ముందు అనుమతి అడగక్కర్లేదు గానీ, వద్దంటే ఆపాలి.

“ఉగాది శుభాకాంక్షలు” అని సబ్జెక్ట్ పెట్టి లోపలంతా లిస్టింగులే నింపితే కుదరదు. అది ప్రకటన అని తెలియాలి. పోస్టల్ అడ్రస్ ఉండాలి. ఇంటిది ఇవ్వడం ఇష్టం లేకపోతే పీవో బాక్స్ చాలు. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కనీసం 30 రోజులు పనిచేయాలి. వద్దన్నవారికి 10 పనిదినాల్లోపు ఆపేయాలి, వాళ్ల అడ్రస్ ఇంకో ఏజెంటుకి ఇవ్వకూడదు.

క్లోజింగ్ తేదీ లాంటి, నడుస్తున్న డీల్ కబుర్లకు ఈ నియమాలు చాలావరకు వర్తించవు. అయినా అందులో తప్పుడు పేరుతో పంపకూడదు.

జరిమానా ఒక్కో ఈమెయిల్‌కి 50 వేల డాలర్ల పైదాకా వెళ్లొచ్చు. మార్కెటింగ్ కంపెనీకి అప్పగించినా మన బాధ్యత పోదు. టొరంటో కొనుగోలుదారుకి పంపాలంటే కెనడా చట్టం వేరు, అక్కడ ముందే సమ్మతి కావాలి.

ఈ వారం మీ లిస్టు ఒకసారి తీసి చూడండి. వద్దన్నవాళ్లు ఇంకా అందులో ఉన్నారా?