మోటారుబండి మెఱుగు
మా మోటారుబండిని నేను ఏడాదిపాటు ప్రతిదినమును పొడిగుడ్డతో తుడిచితిని. శుభ్రమనుకొంటిని గాని, యెండలో జూడఁగా రంగుమీఁద సాలెగూటివంటి సన్నని గీతలు గానవచ్చినవి. తప్పు నాదే. గుడ్డక్రింద నలిగిన యిసుక యాకురాయి పని చేయును.

నేటి బండ్లలో రంగుపై అద్దమువంటి పూత యొకటి యుండును. దాని మందము ఇంచుమించు మిల్లీమీటరులో 20వ వంతు. అరిగిన మరల పెరుగదు. కావున బండిని నీడను నిలిపి, మొదట నీటిధారతో ధూళిని జారవిడువవలెను. అటుపిమ్మట మెత్తనిగుడ్డను సబ్బునీట ముంచి పైనుండి క్రిందికి కడుగుచు, మాటిమాటికి దానిని వేఱొక బాల్చీలోని మంచినీట జాడింపవలెను. ఈ రెండవ బాల్చీయే ముఖ్యము. అడుగున చేరిన యిసుకను జూచినవారికి వేఱే చెప్పనక్కఱలేదు.

తడి యొత్తిన పిదపనే మైనము. బ్రెజిలు దేశమందలి కార్నౌబా యను తాళజాతి వృక్షపు టాకులనుండి తీసిన మైనము పేరుగన్నది. పలుచగా పూసి తుడువవలెను. కొన్ని నెలలకు మరల పూయవలెను. పక్షిరెట్ట పడినచో మైనమున్నదిగదా యని యుపేక్షింపరాదు. నీటితో నానఁబెట్టి యప్పుడే తీయవలెను.