యంత్రమునకు తిత్తి

కొలిమి ముందు కూర్చున్న కమ్మరికి బొగ్గు ఎంత ముఖ్యమో గాలియు అంతే ముఖ్యము. తిత్తి ఆడినంతసేపు ఇనుము ఎఱ్ఱనై చెప్పినట్లు వంగును. తిత్తి ఆగినచో నిప్పు నివురుగప్పును. మోటారు కారు ఇంజను విషయమునను ఇదియే న్యాయము. పెట్రోలు ఎంత పోసినను, దానిని దహించుటకు తగిన గాలి లేనిచో అది శక్తిగా మారక పొగగా మారును. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకములో సుమారు 15 పాళ్ల గాలి కావలెను.

సామాన్యమైన ఇంజను ఈ గాలిని తానే పీల్చుకొనును. పిస్టను క్రిందికి దిగినపుడు సిలిండరులో ఏర్పడు వెలితిని వాతావరణపు ఒత్తిడి నింపును. ఆ ఒత్తిడి సముద్రమట్టమున చదరపు అంగుళమునకు 14.7 పౌనులు మాత్రమే. ఇంతకు మించి గాలి కావలెనన్న ఇంజనును పెద్దది చేయవలెను. లేదా కమ్మరి చేసినట్లు తిత్తి పెట్టి ఊదవలెను. కార్లకు పెట్టు ఆ తిత్తియే సూపర్ చార్జరు. పాత పందెపు కార్లలో ఇది ఎట్లు పనిచేయునో, దీనిని ఎట్లు కాపాడుకొనవలెనో, చెడినపుడు లోపమును ఏ వరుసలో వెదకవలెనో ఈ ప్రసంగమున చెప్పబూనుచున్నాము. అట్టి కారు మన పాఠకులలో ఏ కొందరి ఇంటనో తప్ప ఉండదు. అయినను లోపమును వెదకు పద్ధతి ఏ యంత్రమునకైనను ఒక్కటియే.

ఈ తిత్తి మొదట కార్ల కొరకు పుట్టినది కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున కానర్స్‌విల్ అను ఊరిలో రూట్స్ సోదరులు ఇరువురు 1860లో ఒక ఊదుడు యంత్రమునకు పేటెంటు పొందిరి. ఇనుము కరిగించు కొలుములకు గాలి నందించుటలో అది ప్రసిద్ధి కెక్కెను. కార్లకు దానిని అమర్చుట తరువాతి మాట. జర్మనీలో మెర్సిడెస్ వారు 1921 నాటి బెర్లిను ప్రదర్శనలో సూపర్ చార్జరు గల కార్లను అమ్మకమునకు చూపిరి. వారి ఏర్పాటులో డ్రైవరు ఆక్సిలరేటరును చివరి వరకు త్రొక్కినపుడు మాత్రమే తిత్తి ఆడును.

ఇంగ్లండులో ఈ సాధనమునకు గొప్ప పేరు తెచ్చినది నాలుగున్నర లీటర్ల బెంట్లీ కారు. దాని ఇంజను పరిమాణము 4398 ఘన సెంటీమీటర్లు, సిలిండర్లు నాలుగు. సామాన్యపు కారులో ఆ ఇంజను ఇచ్చు శక్తి 110 అశ్వశక్తులు. ఆమ్హర్స్ట్ విలియర్స్ రూపొందించిన సూపర్ చార్జరును అమర్చగా అది 175 అశ్వశక్తులకు పెరిగెను. పందెపు కార్లలో 240 వరకు పోయెను. ఈ ప్రయత్నమునకు పట్టుబట్టినవాడు టిమ్ బర్కిన్ అను పందెగాడు. ధనము సమకూర్చినది డొరొతీ పేజెట్ అను సంపన్నురాలు. కారునకు తన పేరు పెట్టిన డబ్ల్యు. ఓ. బెంట్లీకి మాత్రము ఇది నచ్చలేదు. శక్తి కావలెనన్న పెద్ద ఇంజను కట్టవలెను గాని, ఉన్న ఇంజనును బలవంతపెట్టరాదని ఆయన అభిప్రాయము.

1930లో ఫ్రాన్సు దేశమున లెమాన్స్‌లో జరిగిన 24 గంటల పందెములో సూపర్ చార్జరు గల బెంట్లీలు మధ్యలోనే ఆగిపోయెను. తిత్తి లేని ఆరున్నర లీటర్ల బెంట్లీ గెలిచెను. కాని ఆ సంవత్సరమే పౌ పట్టణమున జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో బర్కిన్ ఇదే బరువైన కారుతో చిన్న చిన్న బుగాటీల నడుమ రెండవ స్థానము సంపాదించెను. ఇరువురి మాటలోను నిజమున్నది. సూపర్ చార్జరు ఇచ్చు శక్తి అబద్ధము కాదు. అయితే అది ఆ శక్తిని ఇంజను ఓర్పునుండియే తీసుకొనును. ఈ రకపు కార్లు కట్టినవి 55 మాత్రమే. వీటి భాగములు అంగడిలో దొరకవు. ఒక రోటరు పాడైనచో మఱియొకటి కొనుట కాదు, చేయించుకొనవలెను. కనుకనే సంరక్షణకు ఇంత విలువ.

ఇక దాని పని. కోలగా నున్న లోహపు పెట్టెలో '8' అంకె ఆకారము గల రెండు రోటరులు ప్రక్కప్రక్కన నుండి ఒకదానికొకటి ఎదురుగా తిరుగుచుండును. అవి ఒకదాని నొకటి తాకవు. పెట్టె గోడలనైనను తాకవు. నడుమ నుండు సందు అంగుళమును వేయి భాగములు చేసినచో అందు కొన్ని భాగములు మాత్రమే. ఆ సందు చెడకుండ రెండు రోటరులను కలిపి నడుపునవి చివరనున్న పండ్ల చక్రములు. ఈ పెట్టె తనలో గాలిని అదుమదు. ఏతపు బానతో నీరు తోడి కాలువలో పోసినట్లు, గాలిని ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు మోసి పోయును. ఇంజను మ్రింగగలిగిన దానికంటె ఎక్కువ పోయుటచేత గొట్టములో గాలి క్రిక్కిరిసి ఒత్తిడి పుట్టును.

బెంట్లీలో ఈ పెట్టె రేడియేటరునకు ముందు, కారు ముక్కుపై ఉండును. క్రాంకు షాఫ్టు కొననుండి నేరుగా తిరుగును. కార్బురేటర్లు రెండును పెట్టె ప్రక్కనే ఉండుటచేత, ఈ తిత్తిలో ఆడునది ఒట్టి గాలి కాదు. అంటుకొనుటకు సిద్ధముగా నున్న పెట్రోలు మిశ్రమము. ఈ సంగతిని ఎన్నడు మరువరాదు. ఇంజనులోని మంట వెనుకకు తన్నినచో గొట్టములోని మిశ్రమమంతయు ఒక్కసారి అంటుకొనును. అట్టి పేలుడును వెలుపలికి వదలుటకే ఇట్టి ఏర్పాట్లలో స్ప్రింగుతో మూసియుండు సేఫ్టీ వాల్వు నుంచుదురు. ఒత్తిడి పోవుచున్నదని దానికి గట్టి స్ప్రింగు వేయుట, పొంగుచున్న కుండపై రాయి పెట్టుట వంటిది.

నిత్య సంరక్షణలో మొదటిది నూనె. రోటరులు తాకుకొనవు గనుక వాటికి నూనె అక్కరలేదు. పండ్ల చక్రములకు, బేరింగులకు కావలెను. కొన్ని రకములలో పెట్టె చివరనే నూనె గది ఉండును. కొన్నింటిలో ఇంజనునుండి సన్నని గొట్టము వచ్చును. 1950 దశకమున ఇంగ్లండులో ఎం.జి. కార్లకు చాలమంది అమర్చుకొనిన షారాక్ సూపర్ చార్జరు ఈ రెండవ జాతిది. దానిలో రోటరులకు బదులు రెక్కలుండును, బెల్టుతో తిరుగును. నూనె గొట్టములోని సన్నని రంధ్రము మూసుకొనినచో బేరింగులు ఎండిపోవును. దానిని పెద్దది చేసినచో నూనె ఇంజనులోనికి పోయి పొగయగును. నూనె గది గల వాటిలోనైనను గుర్తునకు మించి పోయరాదు. ఎక్కువైన నూనె సీలులను త్రోసికొని పోవును.

రెండవది వేడి. పెట్టె అల్యూమినియము, ఇరుసులు ఉక్కు. వేడికి రెండును ఒకే కొలతలో వ్యాకోచింపవు. సందు తగ్గించినచో ఒత్తిడి పెరుగునని ఆశపడి, తయారీదారు చెప్పినదానికంటె బిగువుగా అమర్చినవారికి చల్లగా నున్నపుడు అంతయు బాగుగనే తోచును. వేడెక్కి పరుగెత్తునపుడు రోటరులు రాచుకొనును. చల్లని ఇంజనును రేపుటయు తగదు. నూనె వేడెక్కువరకు మెల్లగా నడుపవలెను. మూడవది శుభ్రత. కార్బురేటరు విప్పినపుడు పెట్టె నోరు గుడ్డతో కప్పవలెను. తిరిగి బిగించునపుడు ఆ గుడ్డను తీయుట మరువరాదు. లోన పడిన ఒక్క చిన్న నట్టు రెండు రోటరులను నాశనము చేయగలదు.

ఇక లోపములు. రేడియో పలుకకున్నచో తెలివిగల గృహస్థు వెంటనే వెనుక అట్ట విప్పి లోన చేయి పెట్టడు. కరెంటు ఉన్నదా, ప్లగ్గు సరిగా కూర్చున్నదా, ముల్లు స్టేషనుపై నున్నదా అని మొదట చూచును. సూపర్ చార్జరు విషయమునను వెలుపలినుండి లోపలికే పోవలెను. పెట్టె విప్పుట చివరి పని.

ఒత్తిడి మీటరు ముల్లు మునుపటివలె లేవలేదనుకొందము. మొదట మీటరునకు పోవు సన్నని గొట్టము పగిలినదేమో చూడవలెను. పిమ్మట ఆక్సిలరేటరు త్రొక్కినపుడు కార్బురేటరు పూర్తిగా తెరచుకొనుచున్నదా? బెల్టు రకమైనచో బెల్టు జారుచున్నదా? గొట్టముల ప్యాకింగులు కారుచున్నవా? సేఫ్టీ వాల్వు సరిగా మూసుకొనుచున్నదా? ఇవన్నియు బాగున్నపుడే రోటరులు అరిగి సందు పెరిగినదని శంకింపవలెను. ముల్లు మామూలుకంటె ఎక్కువ లేచినచో సంతోషింపరాదు. ఆ మీటరు చూపునది ఇంజను మ్రింగిన గాలిని కాదు, మ్రింగలేక మిగిల్చిన గాలి ఒత్తిడిని. ఇంజను వాల్వు చాలినంత తెరచుకొనకపోయినను, పొగగొట్టము పూడినను ముల్లు పైకి లేచును, కారు మాత్రము మందగించును.

నిలిపియుంచిన కారులో ఇంజను ఎగుడుదిగుడుగా ఆడినచో గాలి దొంగత్రోవను వెదకవలెను. మెల్లగా ఆడునపుడు కార్బురేటరునకు, ఇంజనునకు నడుమ నుండునది ఒత్తిడి కాదు, వెలితి. ఏ ప్యాకింగు సందునుండియైనను గాలి లోనికి దూరి మిశ్రమమును పలుచన చేయును. అతుకుల వెంట కొంచెము పలుచని నూనె రాచి వినవలెను. సందున్న చోట నూనె లోనికి పోయి ఇంజను ధ్వని మారును. అదే సందు వేగముగా పోవునపుడు మిశ్రమమును వెలుపలికి చిమ్మును. వేడి ఇంజనుపై అది ప్రమాదము. ఇట్టి కారులో నిప్పు నార్పు సాధనమును చేతికందు చోట నుంచవలెను.

నీలిపొగ వచ్చినచో పిస్టను రింగులు అరిగినవని వెంటనే తీర్మానింపరాదు. వేగముగా పోవుచు ఆక్సిలరేటరును వదలినపుడు గొట్టములలో వెలితి బలముగా నుండును. అరిగిన సీలుల గుండ అది నూనెను పీల్చును. బ్లోయరునుండి ఇంజనునకు పోవు గొట్టమును విప్పి చూచినచో తెలియును. లోన నూనె తడి దట్టముగా నున్నచో ముందుగా శంకింపవలసినది సీలులను, నూనె రంధ్రమును, ఇంజనును కాదు.

ధ్వనిని గూర్చి ఒక మాట. పండ్ల చక్రములు సన్నగా ఈలవేయుట సహజము. ఆ ఈల గరగర ధ్వనిగా గాని, కొట్టుడుగా గాని మారినచో అక్కడనే కారు నాపవలెను. ఇల్లు చేరువరకు నడిపెదమనుకొనుట పెద్ద నష్టము. స్పార్కు ప్లగ్గులు తీసి, ఇంజనును చేతితో త్రిప్పి, ఎక్కడైన పట్టుచున్నదేమో చూడవలెను. అప్పుడును అనుమానము తీరనిచో పెట్టె విప్పి, ఫీలరు గేజితో సందులను నాలుగు చోట్ల కొలిచి, పండ్ల చక్రముల లూజును చూడవలెను. విప్పుటకు ముందు ఆ చక్రముల పండ్లకు గుర్తులు పెట్టుట అవసరము. ఒక్క పన్ను తప్పినను రోటరులు ఢీకొనును.

అన్నిటికంటె అపాయమైనది నాకింగు. మిశ్రమము స్పార్కు మంట చేరకముందే తనంత తాను పేలినపుడు ఇనుమును చిన్న సుత్తితో కొట్టినట్లు వినిపించును. స్పార్కు ముందుగా పడినను, మిశ్రమము పలుచనైనను, పెట్రోలు నాసిదైనను ఇట్లగును. నిర్లక్ష్యము చేసినచో పిస్టను మధ్య బొక్క పడును. బ్లోయరు పుల్లీని చిన్నది చేసి ఒత్తిడి పెంచవలెనను ఆశ కలిగినవారు ఈ ధ్వనిని తలచుకొనవలెను.

చాలకాలము నిలిపి ఉంచదలచినచో కార్బురేటర్లలోని పెట్రోలు తీసివేయవలెను. ఇంగ్లండులో 2021నుండి సాధారణ పెట్రోలులో 10 శాతము వరకు ఇథనాలు కలుపుచున్నారు. అది గాలిలోని తేమను పీల్చును. పాత రబ్బరును, కార్కును చెఱచును. నూనెను గూర్చియు జాగ్రత్త అవసరము. పందెపు ఇంజనులకు ఒకప్పుడు ఆముదమును విరివిగా వాడిరి. కాస్ట్రాల్ అను పేరు ఆముదపు ఆంగ్లనామమునుండియే వచ్చినది. తెలంగాణ మెట్టపొలముల పంటయైన ఆముదము వేడిలో గొప్పగా పనిచేయును గాని, నిలిచిన కొలది బంకయగును. ఖనిజతైలముతో సరిగా కలియదు. ఒకదానినుండి మఱియొకదానికి మారదలచినచో మొదటిదానిని పూర్తిగా కడిగివేయవలెను.

కడపట ఒక చిన్న సలహా. కారు ఆరోగ్యముగా నున్న దినముననే ఒక నోటు పుస్తకమున దాని లెక్కలు వ్రాసి ఉంచవలెను: ఏ వేగమున ఒత్తిడి ఎంత, నూనె ఎన్ని మైళ్లకు ఎంత తగ్గినది, ప్లగ్గుల రంగు ఎట్లున్నది, ఏ సందు కొలత ఎంత. ఈ లెక్కలు లేనివానికి లోపము ఒక రహస్యము. ఉన్నవానికి అది రెండు అంకెల నడుమ తేడా మాత్రమే. తొంబది యేండ్ల క్రిందటి ఇంజనులు నేటికిని రోడ్డుపై తిరుగుచున్నవన్న, వాటిని బలవంతపెట్టినవారివలన కాదు, ఇట్టి లెక్కలు వ్రాసికొనినవారివలననే.