వేదపాఠశాలకు ప్రధాన భవనము

కోనసీమలో వేదాధ్యయనము నేటికిని సాగుచున్నది. ఇట్టి పాఠశాలకు నూతన భవనము తలపెట్టినపుడు పంచాయతీ సభ్యులు ముందుగా గమనింపవలసినది, అచట చదువు చెవితో సాగుననుట. గురువు ఒకసారి చెప్పగా శిష్యులు రెండుసార్లు వల్లింతురు. దీనినే సంత యందురు. స్వరము తప్పిన పాఠమే చెడును. కావున మారుమ్రోగు సిమెంటు హాలు, చూచుటకెంత బాగున్నను, తగదు. మన మండువా లోగిలియే మేలు: నడుమ ఆకాశము, చుట్టును పెంకుల వసారాలు. గాలి, వెలుతురు ధారాళముగ వచ్చును. ధ్వని పైకి పోవును.

అయినను పెంకులనే నమ్మరాదు. 1996 నవంబరు 6వ తేదీ తుపానును ఎవరు మరువగలరు? బాలురు తలదాచుకొనుటకు ఒక పెద్దగదికి కాంక్రీటు కప్పు వేయవలెను. 1986 ఆగస్టు గోదావరి వరదనీరు నిలిచిన గుర్తును పెద్దలనడిగి, అరుగుమట్టము అంతకు పైన నిలుపవలెను. మండువాలో పడిన వాననీరు తూముగుండ వీధి కాలువలోనికి పోవలయును గదా. ఆ కాలువ పూడిక తీయించుట పంచాయతీ పని.