కంప్యూటరు గుమాస్తాకు జ్వరం

మా సత్యవేడు ఎండలు తెలిసినవారికి కొత్త కాదు గాని, కార్తికమాసంలో మా యింటి కంప్యూటరుకు జ్వరం వస్తుందని నేననుకోలేదు. ఏ పనీ చెప్పకపోయినా లోపల ఫ్యాను హోరుమంటోంది!

మా ఊరు 1960 ఏప్రిల్ 1న చెంగల్పట్టు జిల్లానుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. ఇక్కడి పెద్దల నోట తెలుగూ అరవమూ కలిసి పారే పాటలను పోగుచెయ్యడం నాకో పిచ్చి. ఆరువందల చిల్లర ఫైళ్లు, అన్నీ ఒకే ఫోల్డరులో. పోయిన వేసవిలో కన్నుమూసిన మా అవ్వ పాడిన లాలిపాట వీడియో కూడా అందులోనే వుంది.

"ఏం మామా, విమానం మాదిరి అరస్తా ఉంది?" అంటూ వచ్చాడు మా మేనల్లుడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కాడు. టాస్క్ మేనేజరు తెరుచుకుంది. విండోస్ ఎక్స్‌ప్లోరర్ అన్నచోట 25 శాతం. మాది నాలుగు కోర్ల యంత్రం. అంటే ఒక కోరు మొత్తాన్ని అదొక్కటే మింగుతోందన్నమాట. ఊరకున్నప్పుడు సున్నాకు దగ్గరగా వుండాలిట.

ఈ ఎక్స్‌ప్లోరర్ మన కట్టలు తీసి చూపే గుమాస్తా. 1995 నుంచి తెర అడుగు పట్టీ కాపలా కూడా ఆయనదే. అందుకే 'ఎండ్ టాస్క్' అంటే పట్టీ కూడా మాయమవుతుంది. 'రీస్టార్ట్' అనడం క్షేమం. అన్నాం. హోరు తగ్గింది. పాటల ఫోల్డరు తెరిచామో లేదో, మళ్లీ మొదలు!

రోగం గుమాస్తాది కాదు, కట్టలోది. ప్రతి వీడియోకూ లోపలికి తొంగిచూసి చిన్న బొమ్మ గీయడం ఆయన అలవాటు. పాడైన ఫైలు తగిలితే గీయలేడు, వదలలేడు. ఫోల్డర్ ఆప్షన్స్‌లో 'ఆల్వేస్ షో ఐకాన్స్, నెవర్ థంబ్‌నెయిల్స్' అన్నదానికి టిక్కు పెట్టగానే ఇల్లు నిశ్శబ్దం.

దోషి ఎవరు? ఫైళ్లలో సగం వేరే ఫోల్డరులోకి మార్చి, టిక్కు తీసి చూశాం. హోరున్న సగాన్ని మళ్లీ సగం చేశాం. ఆరువందలైనా పది విడతల్లో తేలిపోతుంది, లెక్క వేసుకోండి. తీరా చూస్తే అది అవ్వ లాలిపాటే! ఫోనునుంచి దించేటప్పుడు తీగె వూడి, సగంలో ఆగిపోయిన ఫైలు.

నా గుండె జారింది. "పాత ఫోను పారేసినావా మామా?" అన్నాడు వాడు.

బీరువా అంతా వెతికాం. మా ఆవిడ కుట్టుమిషను సొరుగులో దొరికింది. దాన్ని రాత్రంతా చార్జింగులో వుంచాం. తెల్లవారి పాట కొత్తగా దించి, చెడిన నకలు తీసేశాం. ఫ్యాను మెదలలేదు. ఫోల్డరులో తమలపాకు నములుతున్న అవ్వ, గోరంత బొమ్మలో, కనిపించింది.