కాలువ వెడల్పు, లాకు వెడల్పు

కృష్ణా డెల్టాలో పుట్టినవారికి లాకు సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. కాలువ యెంత వెడల్పైనను, పడవలు తిరుగు దినములలో దుగ్గిరాల లాకులకడ వంతు కొఱకు నిలువవలసినదే. ఈ మాట నాకు మొన్న రేపల్లెలో మా మేనకోడలి యింట జ్ఞప్తికి వచ్చినది.

ఆమె యింటనుండియే హైదరాబాదులోని యొక కార్యాలయమునకు పనిచేయును. దస్త్రములు పరుల కంట బడకుండ వి.పి.యన్. అను గూఢమార్గమున వచ్చును. ఆ మార్గమును ఇంటి రౌటరులోనే యమర్చుకొనిరి. ఇంటర్నెట్టు తీగ సెకనుకు 100 మెగాబిట్లది. గూఢమార్గము తెఱచినంతనే వేగము 13కు దిగుచుండెను. సమావేశములలో మాట తెగుచుండుటచే పై యధికారి రెండుమార్లు హెచ్చరించెను. ఆమె తీగవారిని నిందించి, హెచ్చు రుసుము కట్టుటకును సిద్ధపడెను. నేను తెనాలినుండి రేపల్లె బండిలో పోయి చూచితిని. తీగయందు దోషము లేదు.

రౌటరనగా చిన్న కంప్యూటరే. మామూలు వేళ సమాచారపు పొట్లములను దాటించుటకు పెక్కు రౌటరులలో ప్రత్యేకోపకరణముండును, ప్రాసెసరునకు తీరికయే. వి.పి.యన్. నడచునపుడో, ప్రతి పొట్లమును ప్రాసెసరే విప్పి, గూఢలిపి తీసి, సరిచూచి పంపవలెను. 2001లో అమెరికాలో ప్రమాణమైన ఏ.ఇ.యస్. అను గూఢలిపి కొఱకు ఇంటెల్ వారు 2010నుండి తమ ప్రాసెసరులలో ప్రత్యేకాజ్ఞలను చేర్చిరి. అవి లేని చౌక ప్రాసెసరు అదే గణితమును సామాన్యాజ్ఞలతో మెట్టుమెట్టుగా చేయును. మా మేనకోడలిది అట్టిదే. పైగా ఓపెన్ వి.పి.యన్. అను సాధనము మామూలుగా ఒక్క కోరునే వాడును. నాలుగున్నను మూడు చూచుచు కూర్చుండును. అందుచే రౌటరు పేజీలో ప్రాసెసరు భారము నూటికి 25 అని కనుపట్టి మోసగించును. ఆ యొక్క కోరు నిండియే యున్నది! పెట్టెపై అంటెనాల సంఖ్యను పెద్దయక్షరములతో అచ్చువేయు వర్తకులు ఈ సంగతి యేల చెప్పరో.

బాపట్లలో ఇంజనీరింగు బోధించు మిత్రునితో ఫోనులో మాటలాడితిని. వైర్‌గార్డు అను క్రొత్త సాధనమును ప్రయత్నింపుమనెను. అది 2020 మార్చిలో లినక్సు మూలభాగమున చేరినది. అది వాడు ఛాఛా20 అను గూఢలిపి ఏ.ఇ.యస్. ఆజ్ఞలు లేని ప్రాసెసరులకు తేలిక. కాని అవతలి కొసనున్న కార్యాలయము వారును దానిని పెట్టవలెను, వారు సమ్మతింపలేదు.

తుదకు రౌటరులోని వి.పి.యన్.ను ఆపి, ఆమె కంప్యూటరులోనే నడిపితిమి. అదే తీగపై వేగము 88. రౌటరు మార్చలేదు. హెచ్చు రుసుము కాగితము సంతకము లేకయే బల్లపై నున్నది.